గొట్టం అవతలి గది

కరివేపాకు చివుళ్ళు మాడిపోతున్నాయని కోదండరామ్ గారు వారం రోజులుగా నీళ్ళు పోస్తూనే ఉన్నారు. పోసినకొద్దీ కొసలు ఇంకా నల్లబడ్డాయి. ఆఖరికి సోమవారం సాయంత్రం, భవిత పని నుంచి వచ్చి ఇంటి పక్క తలుపు దగ్గర బూట్లు విప్పుతుంటే, బేస్‌మెంట్ మెట్ల కింద నుంచి పిలిచారు.

“అమ్మా భవితా, నువ్వు అగ్రికల్చర్ చదివావు కదూ? ఒకసారి ఇటొచ్చి చూడు.”

భవిత బ్యాగు భుజాన ఉండగానే వెళ్ళింది. స్కార్‌బరోలోని కిరాణా కొట్టులో ఎనిమిది గంటలు కూరగాయలు సర్ది వచ్చింది. వేళ్ళకి కొత్తిమీర కట్టల తడి వాసన ఇంకా పోలేదు. ఏజాక్స్‌లోని ఆ ఇంటి బేస్‌మెంట్‌లో మెట్లు దిగగానే ఎడమవైపు ఆమె, అమృత కలిసి అద్దెకి ఉండే గది. కుడివైపు ఇంటి ఓనరు కోదండరామ్ గారి తోట. మధ్యలో సున్నపు పలకలతో కట్టిన పల్చటి డ్రైవాల్ గోడ. ఆర్నెల్లుగా ఆ గోడ పక్కనే పడుకుంటున్నా, భవిత తోటలో అడుగుపెట్టింది అదే మొదటిసారి.

ఆరు పెద్ద సోడియం దీపాలు గొలుసులకి వేలాడుతున్నాయి. వాటి కింద నలభైకి పైగా తొట్లు. కరివేపాకు, గోంగూర, దొండపాదు, మునగ, మూలన రెండు చేతుల వెడల్పు తొట్టిలో మల్లె. పసుపుపచ్చటి వెలుతురులో అంతా ఎండాకాలం మిట్టమధ్యాహ్నంలా ఉంది. కోదండరామ్ గారు బనియన్ మీద ఉన్నారు. ఏభై ఏడేళ్ళ మనిషి, పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ మేనేజరు, చేతిలో నీళ్ళ క్యానుతో పరీక్ష తప్పిన పిల్లాడిలా నిలబడి ఉన్నారు.

భవిత ఒక రెమ్మ వంచి చూసింది. “నీళ్ళు తక్కువైతే ఆకు కిందికి వాలతది అంకుల్. ఇది అంచులు పైకి ముడుచుకుంది. వేడి దెబ్బ.”

ఆయన ఒప్పుకోలేదు. గోడకి వేలాడుతున్న థర్మామీటర్ చూపించి, ఇరవై ఆరు దాటలేదని చెప్పారు. భవిత ఆ థర్మామీటర్ తీసి, కరివేపాకు కొసకి సమంగా కట్టి, దీపం వెలుతురు నేరుగా పడకుండా అట్టముక్క అడ్డం పెట్టింది. తన చెయ్యి కూడా అక్కడే బోర్లా పెట్టి నిలబడింది. కాసేపటికి మండి చెయ్యి తీసేసింది. అయిదు నిమిషాలకి అంకె ముప్ఫై ఎనిమిది చూపించింది.

“మొక్క ఉన్న చోట కొలవాలి అంకుల్, మనం ఉన్న చోట కాదు” అంది.

ఏం చెయ్యాలో వరసగా చెప్పింది. గొలుసులు ఎంత వీలైతే అంత పైకి లాగాలి. పగటి వేడి ఉన్నంతసేపు దీపాలు ఆపి, సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఎనిమిది దాకా వెలిగించాలి. అన్నిటికన్నా ముఖ్యం, దీపాల పైన పోగయ్యే వేడి గాలిని ఫ్యాను పెట్టి గొట్టంలోంచి లాగెయ్యాలి. ఆయన ఇచ్చిన ప్రకటన కాగితం వెనక బొమ్మ గీసింది. దీపాలు, ఫ్యాను, గొట్టం, గొట్టం చివర బాణం గుర్తు. బాణం పక్కన ‘బయటికి’ అని రాసింది.

కోదండరామ్ గారు ఆ కాగితాన్ని దీపం కింద పెట్టి రెండుసార్లు చూసుకున్నారు. “ఇంత తెలిసిన దానివి, కూరగాయలు సర్దుతున్నావేంటమ్మా” అన్నారు.

భవిత నవ్వేసింది. కానీ గదిలోకి వచ్చాక కూడా ఆ మాట చెవిలోనే ఉంది. జగిత్యాలలో నాలుగేళ్ళు చదివిన చదువు గురించి ఈ దేశంలో అడిగిన మొదటి మనిషి ఆయనే. ఇక్కడ కాలేజీలో చదివేది సప్లై చెయిన్ కోర్సు. వీసా రావడానికి తేలిగ్గా ఉంటుందని కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పిన కోర్సు. ఆ రాత్రి అన్నం తింటూ అమృతకి తోట సంగతులన్నీ చెప్పింది. బొమ్మ గీసి ఇచ్చిన సంగతి మాత్రం గొప్పలు పోయినట్టు ఉంటుందని చెప్పలేదు.

బుధవారం సాయంత్రం ఆమె పని నుంచి వచ్చేసరికి గదిలో మంచాలు పక్కకి జరిపి ఉన్నాయి. అమృత మంచం తలవైపు, పైకప్పుకి జానెడు కింద, గోడకి గుండ్రటి కన్నం పడింది. అందులోంచి వెండిరంగు రేకు గొట్టం మూరెడు ముందుకి పొడుచుకొచ్చి ఉంది. దుప్పటి మీద తెల్లటి సున్నపు పొడి. గోడ అవతల ఫ్యాను హోరుమంటోంది. గొట్టంలోంచి వేడిగాలి తెరిపి లేకుండా వస్తోంది.

భవిత గొట్టం ముందు చెయ్యి పెట్టి చూసింది. తర్వాత అవతలికి వెళ్ళింది. కోదండరామ్ గారు థర్మామీటర్ చూపించారు. మొక్క దగ్గర ఇరవై ఎనిమిది. ఆయన మొహం వెలిగిపోతోంది.

గొట్టం మా గదిలోకి వచ్చిందేమిటని భవిత మెల్లగా అడిగింది. ఆయన దాచలేదు, అన్నీ వివరంగానే చెప్పారు. తోట వైపు గోడకి కిటికీ లేదు. బయటి గోడకి కన్నం పెడితే అందులోంచి వచ్చే వెలుతురూ ఫ్యాను చప్పుడూ చూసి పక్కింటివాళ్ళు గంజాయి పెంచుతున్నారనుకుంటారు. ఈ వీధిలో పద్నాలుగేళ్ళుగా పరువుగా బతుకుతున్నాం. మీ గదికి కిటికీ ఉంది కదా, తెరిచి పెట్టుకుంటే వేడి అటునుంచి అటే పోతుంది. పైగా చలికాలం వచ్చాక మీరే నాకు దండం పెడతారు అన్నారు.

ఆయన నవ్వారు. భవిత సరేనంది. కాదందామంటే ఆ గొట్టం బొమ్మ గీసింది ఆమే. పైగా గది పోతుందన్న భయం. సెప్టెంబర్‌కి కాలేజీల్లో చేరడానికి వచ్చే పిల్లలు మే నెల నుంచే ఫోన్లలో గదులు వెతుక్కుంటున్నారు. ఒక్కో బేస్‌మెంట్‌లో ఎనిమిది మంది ఉంటున్న ఇళ్ళు ఆమె చూసింది. తెనాలి నుంచి వచ్చిన అమృతతో, ఇద్దరికే ఒక గది దొరకడం అదృష్టమని అందరూ అన్నారు.

అమృత తొమ్మిదింటికి వచ్చి, దుప్పటి దులుపుకుని, మంచం దిశ మార్చుకుంది. “పోన్లే, కిటికీ తీసుంటుందిగా” అంది. ఆ గొట్టం ఎవరి ఆలోచనో ఆమె అడగలేదు. భవిత చెప్పలేదు.

మర్నాడు పొద్దున బస్ స్టాపులో సూర్యుడు ముద్ద కుంకుమలా కనిపించాడు. ఉత్తరాన అడవులు తగలబడుతున్నాయి. మధ్యాహ్నానికి పొగ కిందికి దిగింది. వీధి చివరి ఇళ్ళు మసకబారాయి. బయట తిరగొద్దని, కిటికీలు మూసుకోమని అందరి ఫోన్లకీ హెచ్చరికలు వచ్చాయి. అమృతకి చిన్నప్పటి నుంచి ఆయాసం. ఇంటికి రాగానే ఆమె చేసిన మొదటి పని కిటికీ మూసి, సందుల్లో తడి గుడ్డలు కుక్కడం.

ఆరింటికి దీపాలు వెలిగాయి. గొట్టం మొదలైంది.

ఆ రెండు రాత్రులూ వాళ్ళు సరిగ్గా పడుకోలేదు. కిటికీ తెరిస్తే పొగ, మూస్తే ఉడుకు. తువ్వాళ్ళు తడిపి మెడకి చుట్టుకున్నారు. గంటలో అవి ఎండి బిరుసెక్కాయి. అమృత కొంతసేపు బాత్‌రూమ్ నేల మీద చాప పరుచుకుని పడుకుంది. దగ్గు వచ్చినప్పుడల్లా లేచి కూర్చుని, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, ఊపిరి లోపలికి అందే దాకా కదిలేది కాదు. ఆ చప్పుడు వింటూ భవిత గోడవైపు తిరిగి పడుకునేది.

శుక్రవారం ఆమె పైకి వెళ్ళి, పొగ తగ్గే వరకు దీపాలు ఆపమని అడిగింది. కోదండరామ్ గారు ఆఫీసు కాల్‌లో ఉండి కూడా, మైకు ఆపి ఓపిగ్గా విన్నారు. ఆదివారం తెలుగు అసోసియేషన్ వాళ్ళు తోట చూడటానికి వస్తున్నారు. మల్లె మొగ్గ తొడిగింది. ఇప్పుడు వెలుతురు తగ్గితే మొగ్గలన్నీ రాలిపోతాయి. రెండ్రోజులు ఓర్చుకోండమ్మా, మా పిల్లల్లా చూసుకుంటున్నాం కదా మిమ్మల్ని అన్నారు. తన గదిలోని టేబుల్ ఫ్యాను తీసి ఇచ్చారు. ఆయన భార్య సీతాదేవి ఆంటీకి మోకాళ్ళ నొప్పులు, కిందికి దిగలేరు. వంటింట్లో నుంచే అల్లం వేసిన మజ్జిగ పెద్ద సీసాలో పోసి, చల్లగా తాగమని చెప్పి పంపారు.

అడిగింది ఇవ్వకుండా ఇంకేదో చేతిలో పెడితే ఏమనాలో భవితకి తెలియలేదు. ఫ్యాను ఒక చేత్తో, మజ్జిగ ఒక చేత్తో పట్టుకుని మెట్లు దిగింది.

శనివారం సాయంత్రం అమృత పెదవులు పాలిపోయి కనిపించాయి. భవిత ఇంక ఆలోచించలేదు. తన దుప్పటి నాలుగు మడతలు వేసి, కుర్చీ ఎక్కి, గొట్టం నోట్లో గట్టిగా దట్టించింది. గాలి ఆగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అరగంట గడిచిందో లేదో, పైన ఎక్కడో ఫోను అదేపనిగా కీచుమంది. మెట్ల మీద అడుగులు. తోటలో వేడి పెరిగితే మోగేలా ఆయన ఫోనులో అలారం పెట్టుకున్నారు.

కోదండరామ్ గారు తలుపు తట్టి, రమ్మన్నాకే లోపలికి వచ్చారు. గొట్టం చూశారు. కోప్పడలేదు. కుర్చీ ఎక్కి దుప్పటి లాగి, దాన్ని శుభ్రంగా మడతపెట్టి మంచం మీద పెట్టారు. వేడిగాలి మళ్ళీ మొదలైంది.

“మొక్కలు నోరులేనివి కదమ్మా. వాటి బాగు మనమే చూసుకోవాలి” అన్నారు. వెళ్ళబోతూ అమృత వైపు తిరిగి, “మీ భవితకి ఈ విషయం నాకంటే బాగా తెలుసు. ఈ ఏర్పాటంతా ఆమె డిజైనే. రేపు వచ్చేవాళ్ళకి కూడా తననే చెప్పమన్నాను” అన్నారు.

తలుపు మూసుకుంది. అమృత తన మంచం అంచున కూర్చుని ఉంది. చేతిలోని ఇన్‌హేలర్ మూత తీస్తోంది, పెడుతోంది.

“బయటికి అని రాశాను అమృతా. బొమ్మలో బయటికే రాశాను” అంది భవిత.

“రాసే ఉంటావు. నాకు ఒక్క మాట చెప్తే ఏం పోయేది?”

 ఆయన నన్ను మెచ్చుకున్నారు, ఆ మెప్పు పోతుందని నోరు మూసుకున్నాను అని చెప్పడానికి భవితకి సిగ్గేసింది.  కాసేపయ్యాక అమృత, స్కార్‌బరోలో తెలిసినవాళ్ళ ఫ్లాట్‌లో ఒక చోటు ఉందట, తాను వెళ్ళిపోతానేమో అని, ఎవరితోనో అన్నట్టు అంది.

ఆదివారం మధ్యాహ్నం ఎనిమిది మంది వచ్చారు. వాళ్ళకి చూపించడం కోసం కోదండరామ్ గారు దీపాలు ముందే వెలిగించారు. అమృత ఎక్కడికీ వెళ్ళలేకపోయింది. బయట పొగ ఇంకా పసుపుపచ్చగా నిలిచి ఉంది. తలుపు దగ్గరగా వేసుకుని గదిలోనే ఉండిపోయింది.

వచ్చినవాళ్ళు మల్లె మొగ్గల్ని ముట్టుకుని చూశారు. ఒకావిడ గోంగూర ఆకు తుంపి వాసన చూసి కళ్ళు మూసుకుంది. కోదండరామ్ గారు పట్టు లాల్చీలో, దొండపాదు తీగెని దారాల మీదికి ఎలా మళ్ళించారో చెబుతున్నారు. దీపాల ఎత్తు గురించి, వేళల గురించి భవితని చెప్పమన్నారు. ఆమె చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది.

స్కార్‌బరో నుంచి వచ్చిన మీనాక్షి గారు ఒక దీపం వైపు చెయ్యెత్తి చూసి అడిగారు. “ఇంత వేడి పుట్టిస్తున్నాయి, ఇక్కడేమో హాయిగా ఉంది. ఆ వేడంతా ఎటు పోతోందమ్మా?”

భవిత కోదండరామ్ గారి వైపు చూసింది. ఆయన చెప్పమన్నట్టు తల ఊపారు.

“రండి ఆంటీ, చూపిస్తాను” అంది.

ముందు నడిచి, తమ గది తలుపు పూర్తిగా తెరిచింది. వేడి ఒక్కసారిగా మొహాలకి కొట్టింది. ముందున్న ఇద్దరు వెనక్కి జరిగారు. అమృత మంచం పక్కన నేల మీద, తడి తువ్వాలు తలమీద కప్పుకుని కూర్చుని ఉంది. అంతమందిని చూసి గోడ పట్టుకుని లేచి, చున్నీ కోసం వెతుక్కుంది. ఆమె తల మీదుగా గొట్టం హోరుమంటూ ఊదుతోంది.

  భీమారావు గారనే పెద్దమనిషి గొంతు సవరించుకుని, “అయితే చలికాలం హీటర్‌తో పనే లేదన్నమాట” అన్నారు. వెనక ఎవరో చిన్నగా నవ్వారు.

మీనాక్షి గారు గదంతా కలయజూశారు. రెండు మంచాల మధ్య జాగాని కళ్ళతో కొలిచారు. “ఇక్కడ ఇంకో మంచం పడుతుందా అండీ?” అని కోదండరామ్ గారిని అడిగారు. “మా చెల్లెలి కూతురు సెప్టెంబర్ ఇన్‌టేక్‌కి వస్తోంది. ఎంత తిరిగినా గదులే దొరకట్లేదు.”

తలుపు తీస్తే చాలనుకుంది భవిత. కళ్ళతో చూస్తే ఎవరికైనా తెలిసిపోతుందనుకుంది. వాళ్ళు చూశారు కూడా. వాళ్ళకి కనిపించింది ఒక ఖాళీ జాగా.

ఆమె మనుషుల్ని తప్పించుకుని తోటలోకి నడిచింది. గోడ మీది స్విచ్ బోర్డు తెరిచి, పెద్ద మీట కిందికి నొక్కింది. ఆరు దీపాలూ ఆరిపోయాయి. ఫ్యాను కొద్దిసేపు తిరిగి ఆగింది. బేస్‌మెంట్ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. గది కిటికీలోంచి వచ్చే పొగ వెలుతురు తప్ప ఇంకేమీ లేదు.

కరెంటు పోయిందా అని ఎవరో అడిగారు. లేదండీ, నేనే ఆపాను అని చెప్పింది.

“లైట్లు వెయ్యమ్మా భవితా” అన్నారు కోదండరామ్ గారు. గొంతులో నవ్వు ఇంకా ఉంది.

“వెయ్యను అంకుల్.”

ఎంత మెల్లగా అందంటే, వెనకున్నవాళ్ళకి వినపడక ఏమందని అడిగారు. ఎవరూ చెప్పలేదు. కోదండరామ్ గారు ఆమెని కాసేపు చూసి, భోజనాలకి వేళయింది, పైకి వెళ్దాం పదండి అన్నారు. ఫోన్ల వెలుగులో ఒక్కొక్కరే మెట్లెక్కారు. కాసేపటికి పైన పళ్ళాల చప్పుడు, మాటలు మొదలయ్యాయి.

భవిత గదిలోకి వచ్చి తన మంచం మీద కూర్చుంది.  అమృత ఆమెవైపు చూసింది.

అతిథుల కార్లు కదిలిన చప్పుడు వినిపించాక, మెట్ల మీద మెల్లగా అడుగులు పడ్డాయి. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి, కమ్మీ పట్టుకుని సీతాదేవి ఆంటీ దిగుతున్నారు. గదిలోకి వచ్చి చుట్టూ చూశారు. గొట్టం ఊదడం లేదు. అయినా ఆవిడ అమృత మంచం పైన గోడకి అరచెయ్యి ఆనించి, వెంటనే తీసేశారు.

“ఎన్నాళ్ళయింది ఇలాగ?”

“బుధవారం నుంచి ఆంటీ” అంది భవిత.

“నాతో ఒక్కరైనా చెప్పలేదేం?”

 అమృత చెప్పింది. “మజ్జిగ పంపించారు కదా ఆంటీ. మీకు తెలుసనుకున్నాం.”

సీతాదేవి ఆంటీ కుర్చీలో కూర్చున్నారు.  మోకాలి మీద చేతిని అటూ ఇటూ రాసుకుంటూ కాసేపు ఉండిపోయారు. వచ్చినట్టే మెట్లెక్కి వెళ్ళారు. పైన తలుపు మూసిన చప్పుడు, తర్వాత ఆవిడ గొంతు. మాటలు అర్థం కాలేదు. ఆవిడ గొంతు ఒక్కటే చాలాసేపు వినిపించింది.

ఎవరో దిగి వచ్చి మీట ఎత్తారు. ఆరింటికి గోడ అవతల దీపాలు వెలిగాయి. కన్నం అంచున పసుపు వెలుతురు పడింది. ఇద్దరూ గొట్టం వైపు చూస్తూ కూర్చున్నారు. గాలి రాలేదు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. రాలేదు.

భవిత లేచి వెళ్ళింది. కోదండరామ్ గారు మొక్కల మధ్య స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఫ్యాను ప్లగ్గు పీకి ఒళ్ళో పెట్టుకున్నారు. లాల్చీ వీపుకి అతుక్కుపోయింది. ఫోను కీచుమంటోంది, ఆయన ఆపుతున్నారు, మళ్ళీ కీచుమంటోంది. థర్మామీటర్ ముప్ఫై తొమ్మిది చూపిస్తోంది.

“ఫ్యాను పెడితే ఊరుకోనంది మీ ఆంటీ” అన్నారు ఆయన ఆమెవైపు చూడకుండా. కాసేపాగి, “ఇక్కడ అరగంట కూర్చోలేకపోతున్నాను” అన్నారు. అది ఆమెకి చెప్పిన మాటో కాదో తెలియలేదు.

భవిత కరివేపాకు రెమ్మ ఒకటి వంచి చూసింది.

“ఏం చెయ్యాలో చెప్పమ్మా.”

అడిగిన తీరు సోమవారం అడిగినట్టే ఉంది. కానీ భవితకి ఈసారి గర్వం కలగలేదు. ఆరింటిలో నాలుగు దీపాలు తీసెయ్యాలని చెప్పింది. రెండింటి కింద ఎన్ని మొక్కలు పడతాయో అన్నే ఉంచుకోవాలి. రెండింటికైతే గొట్టం అక్కర్లేదు, తలుపు తీసి ఉంచితే చాలు. మిగతావి ఎవరికైనా ఇచ్చెయ్యాలి. చలికాలం దాకా బయట బతుకుతాయి.

“ఏవి ఇచ్చెయ్యాలి?”

ఆమె వరసల మధ్య నడుస్తూ ఒక్కొక్కటే చూపించింది. మునగలు రెండూ. దొండపాదు. కరివేపాకులో చిన్నవి నాలుగు తప్ప అన్నీ. ఆయన వెనకే నడుస్తూ, చూపించిన ప్రతి తొట్టినీ చేత్తో తాకుతున్నారు. మల్లె దగ్గర ఆమె ఆగింది. అన్నిటికన్నా ఎక్కువ వెలుతురు కావలసింది దానికే.

“ఇది కూడానా” అన్నారు.

“అవునంకుల్.”

ఆయన నాలుగు దీపాలు ఒక్కొక్కటిగా ఆర్పారు. స్టూలు తీసుకుని ఎడమవైపు గదికి వెళ్ళి, తలుపు తట్టి, అమృతని పక్కకి జరగమని, గొట్టం బిగించిన మరలు విప్పడం మొదలుపెట్టారు. సున్నం పొడి ఆయన జుట్టు మీద రాలింది. విప్పిన గొట్టాన్ని చంకలో పెట్టుకుని గుమ్మం దాటుతూ, ఇద్దరికీ వినపడేలా అన్నారు.

“జూలై ఆఖరు దాకా ఉండండి. ఆ తర్వాత ఈ గది మేమే వాడుకుంటాం.”

కోపంగా అనలేదు. టేబుల్ ఫ్యాను ఇచ్చినంత మామూలుగానే అన్నారు. భవిత ఆ మాట కోసం మీట నొక్కిన క్షణం నుంచే ఎదురుచూస్తోంది.  తన మాట వల్ల గొట్టం వచ్చింది, తన మాట వల్లే గది పోయింది. రెండుసార్లూ అమృతని అడగలేదు.

మల్లె తొట్టిని పక్క తలుపు దాకా చేర్చడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఆయన పైకి వెళ్ళిపోయారు. భవిత తొట్టిని కౌగిలించుకున్నట్టు పట్టుకుని ఒక మెట్టు ఎక్కించి, ఊపిరి తీసుకోవడానికి ఆగింది. అవతలి అంచు కింద ఇంకో రెండు చేతులు పడ్డాయి.

“నువ్వొద్దు, నీకు ఆయాసం వస్తుంది” అంది భవిత.

“నువ్వు పైనుంచి లాగు. నేను ఊరికే ఆనిస్తాను” అంది అమృత.

ఒక్కో మెట్టూ ఎక్కించారు. సాయంత్రం గాలి మళ్ళింది. వీధి చివరి ఇళ్ళు మళ్ళీ కనిపిస్తున్నాయి. తొట్టిని తలుపు పక్కన గోడకి చేర్చి పెట్టి, అమృత గడప మీద కూర్చుని ఊపిరి కుదురుకునే దాకా ఆగింది.

“రేపు నాకు క్లాసు రెండింటికి. పొద్దున్నే స్కార్‌బరో వెళ్ళి గదులు చూద్దామా?”

 “నీకు ఆ ఫ్లాట్‌లో చోటుందన్నావు కదా” అంది భవిత.

“అక్కడ చోటు ఒక్కరికే” అంది అమృత, లేచి దుమ్ము దులుపుకుంటూ.